గడియారం ఎవరి చేతిలో ఉంది

గత నెలలో మా మేనకోడలు నాకు ఒక అగ్రిమెంటు పంపింది. మొత్తం పదకొండు పేజీలు. "మావయ్యా, సంతకం పెట్టే ముందు నువ్వొకసారి చదివి చెప్పు" అని కింద ఒక్క మాట రాసింది. రెండేళ్లుగా ఆమె సికింద్రాబాదులో తన గదిలోనే కూర్చుని పాటలు చేస్తోంది. మాటలు తనవే, వరసలు తనవే. కీబోర్డు, గిటారు, బేసు గిటారు తనే వాయిస్తుంది, డ్రమ్స్ కంప్యూటరులో తనే అమర్చుకుంటుంది, పాడడమూ మిక్సింగు చేయడమూ కూడా తన పనే. ఆ పాటలు విన్న ఒక సంస్థ ఆమెతో మూడేళ్ల ఒప్పందం చేసుకుంటామని ముందుకొచ్చింది. ఇంట్లో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను.

ఏడో పేజీలో ఒక షరతు దగ్గర నేను ఆగిపోయాను. ఒప్పందం అమలులో ఉన్నంతకాలం ప్రతి ఆరు నెలలకు కనీసం ఆరు పాటలు పూర్తి చేసి అప్పగించాలనీ, గడువు తప్పితే అంతవరకు చెల్లించవలసిన మొత్తాలను నిలిపివేసే హక్కు సంస్థకు ఉంటుందనీ అందులో ఉంది. ఆరు నెలలు అన్న మాట చూడగానే నాకు ఎమిట్ రోడ్స్ అనే అమెరికన్ గాయకుడు గుర్తొచ్చాడు. అతని గురించి ఫోనులో చెప్పబోయాను గాని, అది ఫోనులో తేలే సంగతి కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

అన్ని వాయిద్యాలూ తనే వాయించుకునే గాయకుణ్ణి చూస్తే మనకు ముందుగా కలిగే భావం, ఇతనికి ఎవరితోనూ పనిలేదు, ఇతను స్వతంత్రుడు అని. నేను చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు. ఒక మనిషి ఎన్ని వాయిద్యాలు వాయించగలడన్నది అతని ప్రతిభకు కొలత అవుతుంది గాని, స్వతంత్రానికి కొలత కాజాలదు. తర్వాతి పాట ఎప్పటికి పూర్తికావాలో నిర్ణయించేది ఎవరు, పూర్తయిన రికార్డింగు ఎవరి సొత్తు అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టే దాన్ని కొలవాలని నా అభిప్రాయం.

హాథార్న్‌లో ఒక గ్యారేజీ

ఎమిట్ రోడ్స్ 1950లో పుట్టాడు. లాస్ ఏంజెలెస్ పక్కనున్న హాథార్న్‌లో పెరిగాడు. బీచ్ బాయ్స్ అనే పేరుపొందిన పాటల బృందంలోని అన్నదమ్ములు పెరిగిన ఊరు కూడా అదే. పదిహేడేళ్లకే మెర్రీ గో రౌండ్ అనే బృందానికి పాటలు రాసి పాడేవాడు. ఆ బృందం విడిపోయాక తల్లిదండ్రుల ఇంటి గ్యారేజీలో టేపు మిషను పెట్టుకుని ఒక్కడే ఒక ఆల్బమ్ మొదలుపెట్టాడు. పియానో, గిటారు, బేసు, డ్రమ్స్ అన్నీ అతనివే, వెనక వినిపించే గొంతులన్నీ అతనివే. 1970లో డన్‌హిల్ కంపెనీ విడుదల చేసిన ఆ ఆల్బమ్, అమెరికాలో ఏ పాటలు ఎంత నడుస్తున్నాయో చెప్పే బిల్‌బోర్డు పట్టికలో 29వ స్థానం దాకా వెళ్లింది. ఇరవయ్యేళ్ల కుర్రాడు పెరటి గ్యారేజీలో చేసిన పని అది.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ అగ్రిమెంటు రాసినవాళ్లకు అది తెలియలేదని నా ఊహ. నాలుగు ట్రాకుల టేపు, అంటే నాలుగు శబ్దాలను పక్కపక్కన విడివిడిగా పట్టే టేపు, దాని మీద ఒక్కడే రికార్డు చేయాలంటే మొదట ఒక వాయిద్యం పూర్తిగా వాయించి పెట్టుకోవాలి. తర్వాత చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తను ఇదివరకు వాయించిందే వింటూ, దాని పక్కన రెండోది వాయించాలి. మొదటి ట్రాకులో నడక ఎక్కడైనా కొద్దిగా జారితే ఆ జారుడు పాటంతటికీ అంటుకుంటుంది. బృందంలో నలుగురు కలిసి వాయించేటప్పుడు ఒకరు తడబడితే మిగిలినవాళ్లు ఆ క్షణంలోనే సర్దుకుంటారు. ఒంటరివాడికి ఆ వెసులుబాటు లేదు, మళ్లీ మొదటినుంచి వాయించుకోవడమే. ట్రాకులు నిండిపోతే ఉన్నవాటిని కలిపి ఒకదానిలోకి ఎక్కించాలి, అలా ఎక్కించిన తర్వాత వాటిలో దేని మోతాదునూ విడిగా మార్చడానికి వీలుండదు. మీట నొక్కేదీ తనే, పరుగెత్తి డ్రమ్స్ ముందు కూర్చునేదీ తనే. నలుగురు ఒక మధ్యాహ్నంలో ముగించే పాటకు ఒకడికి వారాలు పట్టడం సహజం.

రోడ్స్ సంతకం చేసిన ఒప్పందం ప్రకారం ఆరు నెలలకొక ఆల్బమ్ ఇవ్వాలి, అంటే మూడేళ్లలో ఆరు ఆల్బమ్‌లు. రెండో ఆల్బమ్ 1971లో, మూడోది 1973లో వచ్చాయి. గడువు తప్పినందుకు కంపెనీ అతనికి అమ్మకాల మీద వాటాగా రావలసిన రాయల్టీలు ఆపేసి, పైగా 2,50,000 డాలర్లకు దావా వేసింది. ఇది చాలదన్నట్టు, అంతకుముందు బృందం పాడిన కంపెనీ తన దగ్గర మిగిలిన పాత రికార్డింగులను అతని పేరుతోనే విడిగా ఒక ఆల్బమ్‌గా అదే రోజుల్లో అమ్మకానికి పెట్టడంతో ఏది కొత్తదో, ఏది పాతదో కొనేవాళ్లకు తెలియకుండా పోయింది. మూడో ఆల్బమ్ వచ్చేనాటికి రోడ్స్ వయసు 23. ఆ తర్వాత అతని పేరుతో మరో కొత్త ఆల్బమ్ రావడానికి 2016 దాకా పట్టింది. నడుమ నలభై మూడేళ్లు. ఆ కాలంలో కొంతభాగం అతను ఇతరుల పాటలు రికార్డు చేసే ఇంజనీరుగా గడిపాడు. 2020 జులైలో, డెబ్బయ్యేళ్ల వయసులో కన్నుమూశాడు.

ఈ కథను ప్రతిభావంతుడు దురదృష్టవంతుడు అన్న పద్ధతిలో చెప్పేవాళ్లు ఉన్నారు. నేను దాన్ని దురదృష్టం అనలేను. మూడేళ్లకు ఆరు అన్న లెక్క ఒక కాగితం మీద ఎవరో కూర్చుని రాశారు. నలుగురు కలిసి పనిచేసే బృందాలకు అప్పట్లో అది మామూలు లెక్కే కావచ్చు. ఒక్కడే నలుగురి పనీ చేస్తున్నప్పుడు ఆ లెక్కను నాలుగింతలు సడలించాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. తమకు అమ్మకాల్లో పనికొచ్చే విశేషం ఏదో, అంటే అన్నీ ఒక్కడే వాయించాడన్న మాట, దానికి తగిన సమయం ఇవ్వకుండానే దాన్ని అమ్ముకున్నారు.

ఎదురు ఉదాహరణగా అమెరికన్ గాయకుడు ప్రిన్స్ పేరు చెబుతారు. 1978లో వచ్చిన అతని మొదటి ఆల్బమ్ అట్ట మీద 27 వాయిద్యాల జాబితా ఉంటుంది, అన్నీ అతను వాయించినవే. అతని చిక్కు రోడ్స్ చిక్కుకు సరిగ్గా తలకిందులు: అతను పాటలు మరీ త్వరత్వరగా చేసేవాడు, కంపెనీ నెమ్మదిగా విడుదల చేద్దామనేది. 1993లో పేరు తీసేసి దాని బదులు ఒక చిహ్నాన్ని పెట్టుకోవడం, తర్వాత చెంప మీద బానిస అని రాసుకుని వేదికెక్కడం అందరికీ తెలిసినవే. ఒకరికి తక్కువ చేశావని శిక్ష, మరొకరికి ఎక్కువ చేయకూడదని కట్టడి. ఇద్దరి గొడవా ఒకే గడియారం గురించి.

తనఖా పెట్టిన ఫ్లాటు

ఇప్పుడు ఇంగ్లండు గాయని ఇమోజెన్ హీప్ సంగతి. మా మేనకోడలి తరం ఈమెను కొత్త గాయని అనుకుంటోంది, ఎందుకంటే 2024 చివరి నెలల్లో "హెడ్‌లాక్" అనే పాట చిన్న చిన్న వీడియోల ద్వారా ప్రపంచమంతా పాకింది. నిజానికి ఆ పాట 2005 నాటిది. ఆమె 1977లో లండన్ శివార్లలో పుట్టింది. పియానో, సెల్లో, క్లారినెట్ శాస్త్రీయంగా నేర్చుకుంది. మొదటి ఆల్బమ్ 1998లో వచ్చింది, దాన్ని వేసిన కంపెనీ ఆ తర్వాత మూతపడింది. గై సిగ్స్‌వర్త్ అనే సంగీతకారుడితో కలిసి ఫ్రూ ఫ్రూ అన్న పేరుతో 2002లో చేసిన రెండో ప్రయత్నాన్ని మరో పెద్ద కంపెనీ ఒక ఆల్బమ్‌తోనే వదిలేసింది.

ఆ తర్వాత ఆమె చేసిన పనిని నేను చాలాసార్లు తలచుకుంటాను. 2003 డిసెంబరులో తను ఒక్కతే ఆల్బమ్ చేయబోతున్నానని ప్రకటించింది, దానికి ఏడాది గడువు పెట్టుకుంది, ఏడాది తర్వాతి తేదీకి మాస్టరింగు కోసం, అంటే పూర్తయిన పాటలకు చివరి మెరుగు దిద్దడం కోసం, స్టూడియోను ముందే బుక్ చేసేసింది. డబ్బుకోసం తన ఫ్లాటును మళ్లీ తనఖా పెట్టింది. అప్పటికి ఆమె వయసు ఇరవయ్యారు.

గడువు ఇక్కడా ఉంది, మొహమాటం లేని గడువే. పైగా దాని వెనక ఇల్లు పోయే ప్రమాదం కూడా ఉంది. అయినా రోడ్స్ గడువుకూ దీనికీ పోలిక లేదు. ఏడాది అన్న సంఖ్యను తన పని వేగం తెలిసిన మనిషి తనకోసం ఎంచుకుంది. పాట నాణ్యత కోసం అవసరమైతే ఆ తేదీని మార్చుకునే హక్కు కూడా ఆమెదే, మార్చినందువల్ల వచ్చే నష్టమూ ఆమెదే.

ఆ ఏడాదిలో పుట్టిన "హైడ్ అండ్ సీక్" గురించి ఒక చిన్న సంగతి ఉంది. ఒకరోజు పని మధ్యలో ఆమె కంప్యూటరు చెడిపోయింది. ఏమీ చేయకుండా ఆ రోజు స్టూడియో వదిలి వెళ్లడం ఇష్టంలేక, అరలో పడివున్న హార్మొనైజర్ ఒకటి తీసి, మైకునూ కీబోర్డునూ దానికి తగిలించి, ఒక మినీడిస్క్ రికార్డరు పెట్టుకుని పాడడం మొదలుపెట్టింది. ఆ పెట్టె చేసే పని ఏమిటంటే, మైకులో ఒక గొంతుతో పాడుతూ కీబోర్డు మీద ఏ స్వరాలు నొక్కితే ఆ స్వరాల్లో అదే గొంతును పలుగొంతులుగా పలికిస్తుంది. పాటంతా అంతే, డ్రమ్స్ లేవు, గిటారు లేదు. పలు వాయిద్యాలు తెలిసిన మనిషి అన్నిటినీ పక్కనపెట్టి చేసిన పాట. సమయానికి బాడుగ లెక్కపెట్టే నిర్మాత ఒకరు ఆ గదిలో ఉండి ఉంటే, కంప్యూటరు బాగుచేయించి మర్నాడు రమ్మని ఇంటికి పంపేవాడేమో.

ఆ పాట 2005లో "ది ఓ.సి." అనే అమెరికన్ టీవీ ధారావాహిక రెండో సీజను ముగింపులో వినిపించడంతో జనంలోకి వెళ్లింది. ఆల్బమ్‌ను ఆమె మెగాఫోనిక్ అనే తన సొంత రికార్డు కంపెనీ ద్వారా విడుదల చేసుకుంది. తర్వాతి ఆల్బమ్ కోసం తను పెరిగిన ఎసెక్స్ ఇంట్లో, చిన్నప్పుడు ఆడుకున్న గదినే స్టూడియోగా మార్చుకుంది. ఆ ఆల్బమ్ 2009లో వచ్చింది, 2010లో దానికి శాస్త్రీయేతర విభాగంలో ఉత్తమ ఇంజనీరింగు గ్రామీ దక్కింది. పాడినందుకు వచ్చే బహుమతులు చాలామందికి వస్తాయి. శబ్దాన్ని పట్టి కూర్చినందుకు వచ్చిన బహుమతి కాబట్టి దీన్ని నేను ప్రత్యేకంగా చూస్తాను. రోడ్స్ కూడా తల్లిదండ్రుల ఇంట్లోనే రికార్డు చేశాడు. నలభై ఏళ్ల తేడాతో ఒకే రకమైన పని చేసిన ఇద్దరిలో ఒకరు 23 ఏళ్లకు ఆగిపోయారు, మరొకరు అదే వయసు దాటాక మొదలుపెట్టారు.

రెండు హక్కులు

ఒక పాటలో రెండు ఆస్తులు ఉంటాయి. మాట, వరస కలిసి ఒకటి. వాటిని ఫలానా రోజున ఫలానా గొంతుతో పట్టిన రికార్డింగు మరొకటి, దాన్నే మాస్టర్ అంటారు. 2009లో అమెరికన్ గాయకుడు జేసన్ డెరూలో "హైడ్ అండ్ సీక్"లోని ముక్కను తీసుకుని చేసిన పాట బిల్‌బోర్డు మొదటి స్థానానికి వెళ్లింది. అలా ముక్క తీసుకోవాలంటే ఈ రెండు ఆస్తులకూ అనుమతి కావాలి. పాటలు రాసేవాళ్లలో ఎక్కువమందికి మొదటిదానిలోనే వాటా ఉంటుంది, రెండోది కంపెనీది. రెండూ ఒకే మనిషి చేతిలో ఉంటే, రాసి నాలుగేళ్లయినా, ఇరవయ్యేళ్లయినా ఆ పాట మళ్లీ లేచినప్పుడల్లా ఫోను ఆమెకే వస్తుంది.

దీని విలువ నాకు పుస్తకాల ద్వారా తెలియలేదు. 2003లో ముగ్గురు స్నేహితులం కలిసి విజయవాడలో ఎనిమిది లలితగీతాల క్యాసెట్ చేశాం. రాసింది, కీబోర్డు వాయించింది నేను. స్టూడియో ఖర్చు మేమే పెట్టుకున్నాం. అమ్మిపెడతామన్న ఒక కంపెనీవాళ్లు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రెండు పేజీలు టైపు చేయించి తెచ్చారు. సర్వహక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాల్లో అన్న మాటలు అందులో ఉన్నాయని నేను పద్నాలుగేళ్ల తర్వాత గమనించాను. 2017లో మా అమ్మ అడిగిందని అందులోని లాలిపాటను యూట్యూబులో పెడితే, ఇది వేరొకరి సొత్తు అని రెండు గంటల్లో నోటీసు వచ్చింది. గొంతు మా చెల్లెలిది, కీబోర్డు నాది, వెనక వినిపించే చిన్న గజ్జెల చప్పుడు మా మేనకోడలి కాలిది, అప్పటికి దానికి ఏడాది నిండింది. అమ్మ ఆ పాటను చివరికి నా ఫోనులోనే వింది.

మన దేశంలో 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించాక, సినిమా పాటల రచయితలూ స్వరకర్తలూ తమ రాయల్టీ వాటాను నిర్మాతకు రాసిచ్చేసినా ఆ రాసివ్వడం చెల్లదు. మంచి మార్పు, చాలామంది పోరాటం వల్ల వచ్చింది. అయితే అది మాట, వరసలకు సంబంధించిన రక్షణ. మాస్టర్ ఎవరిదన్నది ఇప్పటికీ సంతకం పెట్టే కాగితమే తేలుస్తుంది. గదిలో కూర్చుని అన్నీ తనే చేసుకునే పిల్లకు అన్నిటికంటే విలువైన ఆస్తి ఆ మాస్టరే, ఎందుకంటే ఆమె శ్రమలో ఎక్కువభాగం దానిలోనే ఉంది.

నన్ను ఆపే ప్రశ్నలు

ఇంతవరకు రాసింది మా చెల్లెలికి చెబితే ఆమె ఒక్కటే అడిగింది. "అన్నయ్యా, ఆవిడకు తనఖా పెట్టడానికి ఫ్లాటు ఉంది. దీనికేముంది?" ఆ మాటకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. హీప్ పెట్టుకున్న గడువు ఆమె సొంతం కావడానికి కారణం ఆ ఖర్చు ఆమె సొంతం కావడమే. ఇరవయ్యేళ్ల రోడ్స్‌కు ఆ దారి లేదు. ఇల్లు లేనివాళ్లకు స్వతంత్రం బోధించడం తేలిక, దాని అద్దె కట్టడం కష్టం. ఒకటి మాత్రం చెప్పగలను: 1970లో టేపు మిషను కొనడమే పెద్ద ఖర్చు, మా మేనకోడలి గదిలో ఉన్న పరికరాలన్నీ కలిపినా మోటారుసైకిలు ధరకు మించవు. రికార్డింగు కోసం అప్పు చేయవలసిన అవసరం తగ్గిపోయింది. పాట వినేవాళ్ల దాకా చేరడానికి అయ్యే ఖర్చు మాత్రం తగ్గలేదు.

రెండో ప్రశ్న దానికి సంబంధించినదే. రోడ్స్ ఆల్బమ్ 29వ స్థానానికి వెళ్లడంలో డన్‌హిల్ చేతి బలం లేదా? ఉంది. హీప్ కూడా పెద్ద కంపెనీలతో సంబంధమే లేకుండా బతకలేదు; అమెరికాలో ఆల్బమ్ విడుదల చేయడానికి వాళ్లతో ఒప్పందం చేసుకుంది. ఆల్బమ్ పూర్తయ్యాక, తన చేతిలో వస్తువు ఉండగా చేసుకుంది. ఇంకా పుట్టని పాటలను ముందుగా రాసివ్వడానికీ, పుట్టిన పాటను అమ్మడానికి అనుమతివ్వడానికీ ఉన్న తేడాను నేను చాలా పెద్దదిగా చూస్తాను.

మూడోది నాకు అన్నిటికంటే బరువైనది. అన్నీ తనే చూసుకునేవాళ్లకు పాటలు చేయడానికి సమయం మిగులుతుందా? 2011లో హీప్ మూడు నెలలకొక పాట చొప్పున మూడేళ్లు చేస్తానని మొదలుపెట్టింది. మొదటి పాటకు శ్రోతలు పంపిన చప్పుళ్లనే వాడుకుంది. ఒక పాటను మన దేశానికి వచ్చి, విశాల్–శేఖర్‌లతో కలిసి రాజస్థాన్‌లో చేసింది. రవీంద్రుని "ఎక్కడ మనసు నిర్భయంగా ఉంటుందో" అన్న గీతం దానికి ఆధారం. ఆ పాటలున్న ఆల్బమ్ 2014లో వచ్చింది, అంటే మాట నిలబెట్టుకుంది. ఆ తర్వాత మాత్రం చేతికదలికలతో శబ్దాన్ని నడిపే చేతితొడుగులు, పాటల డబ్బు నేరుగా కళాకారులకు చేరే పద్ధతుల కోసం మైసీలియా అనే ప్రయత్నం, హ్యారీ పాటర్ నాటకానికి సంగీతం, ఇలా పనులు పెరిగి, ఆమె నుంచి పాటల ఆల్బమ్ రావడం అరుదైపోయింది. ఆ కొత్త పద్ధతిలో 2015లో అమ్మకానికి పెట్టిన పాటకు వచ్చిన డబ్బు కూడా చాలా స్వల్పం. సొంత గడియారం ఉన్నవాళ్లు దాన్ని పాటలకు దూరంగా కూడా తిప్పగలరని నేను ఒప్పుకోక తప్పదు. శ్రోతగా నాకు బాధే. అయినా ఆ బాధ రోడ్స్ విషయంలో కలిగే బాధలాంటిది కాదు, ఎందుకంటే ఆమె పాడకపోవడం కూడా ఆమె నిర్ణయమే.

ఇక ఒంటరితనం గురించి. ఎవరూ వద్దనకపోతే పాట దెబ్బతింటుందని సంగీతం తెలిసినవాళ్లు అంటారు. నిజమే. హీప్ ఒంటరి ఆల్బమ్‌లో కూడా ఒక పాటలో గిటారు వాయించింది పేరుపొందిన గిటారిస్టు జెఫ్ బెక్. రోడ్స్ 2016లో చేసిన చివరి ఆల్బమ్‌ను క్రిస్ ప్రైస్ అనే యువ సంగీతకారుడు నిర్మించాడు, రోడ్స్ పాత ఆల్బమ్‌లు వింటూ పెరిగిన వాద్యకారులు వచ్చి వాయించారు. ఆ పాటల్లో రోడ్స్ గొంతు బరువెక్కి, కొంచెం గరుకుగా ఉంటుంది. నాకు అందులో కోపం వినిపించలేదు.

ఏడో పేజీ

పోయిన ఆదివారం మేనకోడలు మా ఇంటికి వచ్చింది. అగ్రిమెంటు ప్రింటు తీసి ఇద్దరం డైనింగు టేబులు దగ్గర కూర్చున్నాం. నీకు ఒక పాటకు ఎంతకాలం పడుతుందని అడిగాను. ఫోనులో తేదీలు చూసి చెప్పింది: ఒకటి పదకొండు రోజుల్లో అయింది, ఒకటి ఐదు నెలలు పట్టింది, ఒకటి ఏడాదిగా సగంలోనే ఉంది. ఆ సగంలో ఉన్నదే తనకు అన్నిటికంటే ఇష్టమని చెప్పి, రెండు చరణాలు వినిపించింది.

ప్రతి ఆరు నెలలకు ఆరు పాటలు అన్న వాక్యాన్ని పెన్సిలుతో కొట్టేసి, పక్కన "పూర్తయిన పాటలను మాత్రమే, ఒక్కొక్కదానికి విడిగా, ఐదేళ్లకు అనుమతి" అని తనే రాసింది. మాస్టర్ తన పేరునే ఉండాలని ఇంకో వాక్యం చేర్చింది. ఒప్పుకోకపోతే ఏం చేద్దామని నేను అడిగాను. ఆ పాట సంగతి ముందు తేలనీ మావయ్యా అంది. ఆ కాగితాలు సోమవారం పంపింది, ఇంకా జవాబు రాలేదు.